విల్‌హెల్మ్ రాంట్జెన్ జీవితము

నెల్లూరు పట్టణములో ఏ పెద్దాసుపత్రి వాకిట నిలిచినను, చంకలో పెద్ద కాగితపు సంచి నిఱికించుకొని బస్సు కొఱకు వేచియున్న పల్లెవారు ఒకరిద్దఱైనను కనబడుదురు. ఆ సంచిలో నల్లని రేకు ఒకటి యుండును. దానిని వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో దేహములోని యెముకలు తెల్లగా గోచరించును. మన తీరపు పల్లెలలో దానిని ఫోటో యనియే చెప్పుకొందురు. ఫోటో తీసిరనియు, ఫోటోలో ఏమియు లేదనియు ఒకరితో నొకరు చెప్పుకొనుట మనము నిత్యము వినుచున్నదే. అయితే అట్టి ఫోటోను మొట్టమొదట తీసిన మహనీయుడు ఎవరో, ఆయన బాల్యము ఎట్లు గడచెనో, ఆయన కృషివలన మన పిల్లలకు కలిగిన మేలు ఎట్టిదో ఎఱిగినవారు కొలదిమందియే.

ఈ సంవత్సరము మన పత్రికకు ఆయన జీవితమును వ్రాయవలెనని మేము తలచుటకు రెండు కారణములు కలవు. పాఠశాలనుండి వెడలగొట్టబడిన బాలుడొకడు పెద్దవాడై లోకమునకు క్రొత్త వెలుగును తెచ్చిన కథ విద్యార్థులకును, అంతకంటె నెక్కువగా ఉపాధ్యాయులకును తెలిసికొనదగినది. ఇది మొదటి కారణము. రెండవది మా తరగతిలోనే జరిగిన యొక సంగతి. దానిని వ్యాసము చివర చెప్పెదము. చెప్పుట మాకు కష్టమైనను చెప్పవలసియున్నది.

విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్జెన్ 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీన జర్మనీ దేశమందలి లెన్నెప్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి బట్టలు నేయించి అమ్ము వర్తకుడు. తల్లి పుట్టినింటివారు హాలెండు దేశమందు ఆంస్టర్‌డామ్ నగరములో స్థిరపడినవారు. ఆ దంపతులకు విల్‌హెల్మ్ ఒక్కడే బిడ్డ. వానికి మూడేండ్ల వయసున, 1848లో, కుటుంబము హాలెండు దేశమందలి ఆపెల్‌డోర్న్ అను ఊరికి తరలిపోయెను. అచ్చటనే వాడు అక్షరములు దిద్దుకొనెను.

గొప్పవారి జీవితములను వ్రాయువారు వారిని పుట్టుకతోనే ప్రజ్ఞావంతులనుగా వర్ణించుట వాడుక. విల్‌హెల్మ్ విషయములో అట్లు వ్రాయుటకు వీలులేదు. చదువులో వాడు విశేషమైన తెలివి కనబరచిన బాలుడు కాడు. అడవులలోను పొలములలోను తిరుగుట, చిన్న చిన్న యంత్రములను తన చేతులతో చేయుట వానికి మిక్కిలి ప్రీతి. ఆ చేతినేర్పే తరువాతి కాలమున వానికి అన్నిటికంటె నెక్కువగా ఉపకరించెను.

పదునేడేండ్ల ప్రాయమున వాడు యుట్రెక్ట్ నగరమందలి సాంకేతిక పాఠశాలలో చేరెను. అచ్చట వాని బ్రతుకును మార్చిన సంగతి యొకటి జరిగెను. తరగతిలోని విద్యార్థి యెవడో ఒక ఉపాధ్యాయుని పరిహాసము చేయుచు బొమ్మ గీచెను. ఆ బొమ్మను గీచినవాడు విల్‌హెల్మ్ కాడు. అయినను గీచినవానిని ఎఱిగియుండెను. పెద్దలు వానిని పిలిచి ఆ పేరు చెప్పుమని నిర్బంధించిరి. తోడివానిని పట్టియిచ్చుటకు వానికి మనసొప్పలేదు. అందువలన నేరము చేయని బాలుడే పాఠశాలనుండి వెడలగొట్టబడెను. పాఠశాల ముగించినట్లు చూపు పత్రము వానికి దొరకలేదు. ఆ కాలమందు ఆ పత్రము లేనివానికి విశ్వవిద్యాలయముల తలుపులు మూసికొనుచుండెను.

ఇచ్చట ఉపాధ్యాయులమైన మేము ఒక క్షణము నిలువవలసియున్నది. ఆ పెద్దలు దుర్మార్గులని మేము తలపము. పాఠశాలలో క్రమము నిలుపవలెనని వారు తలచిరి. కాని వారు బాలుని మౌనమును చూచి, ఆ మౌనము వెనుకనున్నదానిని చూడలేదు. పైకి కనబడినదానినిబట్టి తీర్పు తీర్చిరి. ఆ తొందరపాటు మన పాఠశాలలలోనికిని రాకపోదు.

స్విట్జర్లాండు దేశమందు జ్యూరిచ్ నగరములోని సాంకేతిక విద్యాలయమున అట్టి పత్రము లేనివారికిని ప్రవేశము దొరకునని విని, 1865లో విల్‌హెల్మ్ అచ్చటికి పోయి చేరెను. 1868లో యంత్రశాస్త్రమున పట్టమును, మఱుసటి సంవత్సరమే డాక్టరు బిరుదమును పొందెను. ఆగస్టు కుంట్ అను భౌతికశాస్త్రాచార్యుడు ఈ యువకుని చేతినేర్పును గుర్తించి తన సహాయకునిగా చేర్చుకొనెను. కుంట్ ఆచార్యుడు జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమునకు మారినప్పుడు రాంట్జెన్‌ను వెంటబెట్టుకొని పోయెను. అయితే పాఠశాల పత్రము లేదను పాత లోపమే అచ్చట మరల అడ్డుపడెను. డాక్టరైనను వానికి బోధనాధికారము ఇచ్చుటకు ఆ విశ్వవిద్యాలయము సమ్మతింపలేదు. కుంట్ ఆచార్యుడు శిష్యుని విడువక, 1872లో స్ట్రాస్‌బుర్గ్ నగరమునకు తోడుకొనిపోయెను. 1874లో అచ్చట రాంట్జెన్‌కు బోధనాధికారము దొరకెను. పాఠశాలయందు ఉపాధ్యాయుల తొందరపాటువలన చెడవలసిన జీవితము మఱియొక ఉపాధ్యాయుని ఓర్పువలన నిలిచెను.

ఆ 1872వ సంవత్సరమునందే ఆయన బెర్తా లుడ్విగ్ అను కన్యను వివాహమాడెను. ఆమె తండ్రి జ్యూరిచ్ నగరమున విద్యార్థులు కూడుకొను భోజనశాలను నడపుచుండెను. ఆమె భర్తకంటె ఆఱేండ్లు పెద్దది. వారికి సంతానము కలుగలేదు. బెర్తా తన సోదరుని కుమార్తెను ఆఱేండ్ల ప్రాయమున ఇంటికి తెచ్చుకొని పెంచెను. ఆ దంపతులు ఆ బాలికను తమ బిడ్డగానే చూచుకొనిరి.

రాంట్జెన్ 1879లో గీసెన్ నగరమందు ఆచార్యుడయ్యెను. 1888లో ఆయనను పిలిచి భౌతికశాస్త్ర పీఠమునందు కూర్చుండబెట్టిన విశ్వవిద్యాలయము ఏదియో చదువరులు ఊహింతురు గాక. పత్రము లేదని ఒకప్పుడు ద్వారము మూసిన వూర్ట్స్‌బుర్గే అది. 1894లో ఆయన దానికి అధ్యక్షుడు కూడ అయ్యెను. ఆయన పాత మాటలను తవ్వి ఎవరిని దూషించినట్లు కనబడదు. మితభాషి, సభలకంటె ప్రయోగశాలనే యెక్కువగా ప్రేమించినవాడు, తన పరికరములను చాలవఱకు తానే చేసికొనువాడు.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీ, శుక్రవారము. ఆనాటికి రాంట్జెన్ యాబదియేండ్లవాడు. గాలి దాదాపు పూర్తిగా తీసివేసిన గాజుగొట్టములోనికి విద్యుత్తును పంపినప్పుడు పుట్టు కిరణములను అప్పుడు అనేకులు పరీక్షించుచుండిరి. ఆయనయు ఆ పనిలోనే యుండెను. గొట్టమునుండి వెలుతురు బయటికి రాకుండ దానిని నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేసి, విద్యుత్తును పంపెను. కొంత దూరమున బేరియము కలిసిన యొక లవణము పూసిన తెర యుండెను. ఆ తెర చీకటిలో మెఱయసాగెను. విద్యుత్తును ఆపగా మెఱపు ఆగెను. మరల పంపగా మరల మెఱసెను. అట్టను దాటి వెలుతురు రాజాలదు. ఆ గొట్టమునుండి కంటికి కనబడనిదేదియో వచ్చుచున్నదని ఆయన గ్రహించెను.

మఱియొకడైనచో ఆ రాత్రియే పరుగెత్తిపోయి నలుగురికి చెప్పియుండును. రాంట్జెన్ చెప్పలేదు. తన కన్ను తన్ను మోసము చేయలేదని తెలిసికొనుటకు ఆయన 7 వారములు ప్రయోగశాలలోనే గడపెను. అచ్చటనే భుజించి, అచ్చటనే నిద్రించెను. ఆ కిరణమునకు అడ్డముగా కాగితమును, వేయి పుటల పుస్తకమును, కొయ్యను, అల్యూమినియపు రేకును పెట్టి చూచెను. అన్నిటిని దాటి అది పోయెను. సీసము మాత్రము దానిని ఆపెను. తన చేతిని అడ్డము పెట్టి చూడగా, మాంసము పలుచని నీడగాను, ఎముకలు చిక్కని నీడగాను తెరపై కనబడెను. బ్రతికియున్న మనుష్యుని యెముకలను చర్మము కోయకయే చూచినవారిలో ఆయన మొదటివాడు. డిసెంబరు 22వ తేదీన భార్యను పిలిచి, ఆమె చేతిని ఛాయాచిత్రపు పలకపై సుమారు 15 నిమిషములు కదలకుండ ఉంచి చిత్రము తీసెను. వ్రేళ్ల యెముకలును, వ్రేలికి వదులుగా నున్న ఉంగరమును అందు స్పష్టముగా తెలిసెను.

డిసెంబరు 28వ తేదీన ఆయన తన వ్యాసమును వూర్ట్స్‌బుర్గ్ పండిత పరిషత్తునకు సమర్పించెను. ఆ కిరణముల స్వభావము ఇంకను తెలియదు గనుక, గణితములో తెలియని రాశికి పెట్టునట్లు, వానికి ఎక్స్ అను అక్షరమునే పేరుగా పెట్టెను. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొన్న ఆ పేరు నేటికిని నిలిచియున్నది. 1896 జనవరి 23వ తేదీన పరిషత్తునందు ఉపన్యసించుచు, సభలోనున్న కోలికర్ అను వృద్ధ శరీరశాస్త్రజ్ఞుని చేతిని ఎల్లరియెదుట చిత్రము తీసి చూపెను. అప్పుడు కోలికర్ లేచి, ఆ కిరణములకు రాంట్జెన్ పేరే పెట్టవలెనని సూచించెను. కొన్ని వారములలోనే విఱిగిన యెముకలను, దేహములో దిగిన తుపాకి గుండ్లను చూచుటకు వైద్యులు ఈ కిరణమును వాడసాగిరి.

ఈ ఆవిష్కరణపై హక్కు పత్రము పుచ్చుకొనియుండినచో రాంట్జెన్ కోటీశ్వరుడై యుండును. ఆయన పుచ్చుకొనలేదు. ఇట్టి జ్ఞానము మానవులందఱి సొత్తని ఆయన నిశ్చయము. కులీన బిరుదమును కూడ తన పేరున చేర్చుకొనలేదు. 1901లో మొట్టమొదటి భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము ఆయనకే దొరకెను. ఆ ధనమును వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమునకు వదలెను. 1900లోనే ఆయన మ్యూనిక్ నగరమునకు మారి, 1920 వఱకు అచ్చట బోధించెను. ఆయన చివరి దినములు సుఖముగా గడవలేదు. 1919లో భార్య దీర్ఘవ్యాధితో మరణించెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు తరువాత జర్మనీ నాణెము విలువ పడిపోగా, ఆయన కూడబెట్టినదంతయు కరగిపోయెను. 1923 ఫిబ్రవరి 10వ తేదీన, 77వ యేట, ప్రేగులలో పుట్టిన వ్రణముచేత ఆయన మ్యూనిక్‌లో మరణించెను. గీసెన్ నగరమందు తలిదండ్రుల సమాధులయొద్దనే ఆయనను, ఆయన భార్యను సమాధి చేసిరి.

ఆయన జీవితము అంతటితో ముగిసెను గాని, ఆయన కిరణము జీవితము ముగియలేదు. అది మన తీరమునకు ఎట్లు వచ్చినదో, ఒక బాలుని తలలోనికి ఎట్లు తొంగిచూచినదో ఇక చెప్పెదము.

రాంట్జెన్ కిరణమును కనుగొనుటకు 13 సంవత్సరములు ముందుగా, 1882 మార్చి 24వ తేదీన, రాబర్ట్ కోక్ అను జర్మను వైద్యుడు క్షయవ్యాధిని పుట్టించు సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించియుండెను. క్రిమి తెలిసినను అది రొమ్ములో ఎచ్చట దాగియున్నదో చూచుటకు సాధనము లేకుండెను. ఎక్స్ కిరణము ఆ కొఱతను తీర్చెను. ఊపిరితిత్తులు గాలితో నిండియుండును గనుక కిరణము వానిని సులువుగా దాటును. క్షయ పట్టిన చోటు మాత్రము మబ్బువలె కనబడును. మన తెలుగు దేశమున మదనపల్లె దగ్గఱ పలు మిషనులు కూడి ఆరోగ్యవరమను క్షయ చికిత్సాలయమును 1915లో తెఱచెను. దానికి మొదటి అధికారి ఫ్రిమట్ మోలర్ అను డేనిష్ వైద్యుడు. పిల్లలను క్షయనుండి కాపాడు బి.సి.జి. టీకాను మన దేశమందు 1948లో మొదట పరీక్షార్థము వేసినదియు ఆ మదనపల్లె ప్రాంతమందే.

అయితే క్షయ రొమ్మునందే నిలుచు వ్యాధి కాదు. ఇంటిలో దగ్గు పట్టిన పెద్దవారినుండి బిడ్డ క్రిమిని పీల్చును. బిడ్డ బలహీనుడైనచో ఆ క్రిమి రక్తములో పడి మెదడును చేరి అచ్చట చిన్న కురుపు కట్టును. ఆ కురుపు పగిలినప్పుడు మెదడు చుట్టునున్న నీటిలోనికి క్రిములు దిగును. మెదడు అడుగున చిక్కని జిగురు పేరుకొనును. మెదడు లోపలి గదులలో ఎల్లప్పుడును ఊరుచుండు నీరు బయటికి పోవు దారి మూసికొనిపోయి, ఆ గదులు ఉబ్బును. జిగురులో చిక్కిన రక్తనాళములు బిగిసి, మెదడులో కొంత భాగమునకు నెత్తురు అందక అది చచ్చును. ఇదియే మెదడు పొరల క్షయ. అయిదేండ్లలోపు పిల్లలకు ఇది యెక్కువగా వచ్చును గాని, పెద్దపిల్లలును దీనికి అతీతులు కారు. 1944లో ప్రకటింపబడిన స్ట్రెప్టోమైసిన్ అను మందు రాకపూర్వము ఈ వ్యాధి సోకిన పిల్లలు దాదాపు అందఱును మరణించుచుండిరి.

రాంట్జెన్ కిరణమునకు ఈ వ్యాధి కనబడలేదు. ముదురు కొబ్బరికాయను చేతబట్టినవానికి లోపలి నీరు ఎంతయో, కొబ్బరి చెడినదో మంచిదో టెంక తెలియనీయదు గదా. తలయెముకయు అట్టిదే. కిరణము ఎముక నీడను చక్కగా చూపును; లోపలి మెదడును, నీటిని, జిగురును ఒక్కటే బూడిద రంగుగా చూపును. 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ అను శస్త్రవైద్యుడు మెదడు గదులలోని నీటిని తీసి గాలిని ఎక్కించి చిత్రము తీయు పద్ధతిని కనిపెట్టెను. గాలి నిండిన గదుల రూపు చిత్రములో తెలిసెను. కాని అది రోగికి మిక్కిలి బాధాకరము, అపాయకరము.

బాధ లేని దారిని చూపినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఆంగ్లేయ యంత్రశాస్త్రజ్ఞుడు. ఒక్క దిక్కునుండి కిరణమును పంపుటకు బదులు తల చుట్టును అనేక దిక్కులనుండి పంపి, ప్రతి దిక్కునను ఎంత కిరణము దాటివచ్చెనో కొలిచి, ఆ లెక్కలన్నిటిని గణకయంత్రమునకు అప్పగించినచో లోపలి ప్రతి చోటు యొక్క చిక్కదనము తెలియునని ఆయన ఊహించెను. గుమ్మడికాయను కోయకయే దాని చక్రములను ఒక్కొక్కటిగా చూచుట వంటిది అది. 1971 అక్టోబరు 1వ తేదీన లండను నగరమందలి ఆట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో మొట్టమొదటి రోగి తలను ఆ యంత్రముతో చూచిరి. నేడు మనము సీ.టీ. స్కాను అనునది అదియే. ఆయనకును, ఆ గణితమును వేఱుగా సాధించిన అలెన్ కార్మాక్ అను పండితునికిని 1979లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. అటుపిమ్మట ఎక్స్ కిరణముతో పనిలేక, అయస్కాంతముతోను రేడియో తరంగములతోను మెదడును ఇంకను సూక్ష్మముగా చూపు ఎం.ఆర్.ఐ. యంత్రము వచ్చెను.

మెదడు పొరల క్షయ పట్టిన బిడ్డ తలను స్కాను చేసినప్పుడు వైద్యులు ముఖ్యముగా చూచునవి నాలుగు. నరములోనికి మందు ఎక్కించి చూడగా మెదడు అడుగున జిగురు పట్టిన చోటు తెల్లగా మెఱయును. నీటి గదులు ఉబ్బి కనబడును. నెత్తురు అందక చచ్చిన భాగము నల్లనై యుండును. కొందఱిలో క్షయ గడ్డలు ఉంగరములవలె కనబడును. వీనిలో మొదటి మూడును కూడియున్నచో అనుమానము బలపడును. అయితే స్కాను సర్వజ్ఞురాలు కాదు. వ్యాధి తొలి దినములలో అది ఏ లోపమును చూపకపోవచ్చును. ఉంగరము వంటి మచ్చ క్షయవలననే కాక, పంది బద్దెపురుగు అనుదాని గ్రుడ్లు మనుష్యుని కడుపులో చేరుటవలనను మెదడులో కలుగును. మన దేశమందు ఈ రెంటిని వేఱుపఱచుట నేటికిని వైద్యులకు చిక్కే. కావున వెన్నునుండి నీరు తీసి పరీక్షింపవలెను, రొమ్మునకు ఫోటో తీయవలెను, ఇంటిలో దగ్గువారెవరో విచారింపవలెను. రాంట్జెన్ 7 వారములు ఓపికతో ఒక్కొక్కదానిని అడ్డుపెట్టి చూచినట్లే, ఈ వ్యాధిని కూడ ఒక్క గుర్తుతో గాక అనేక గుర్తులు కూర్చియే నిశ్చయింపవలసియున్నది.

ఇప్పుడు మా సంగతి. కొన్నియేండ్ల క్రిందట సముద్రపుటొడ్డునున్న పాలెమునుండి యొక బాలుడు మా ఆఱవ తరగతికి వచ్చుచుండెను. తండ్రి పడవమీద పోవువాడు. బాలుని అవ్వయే పెంచినది. లెక్కలలో వాడు తరగతికి మొదటివాడు. దసరా సెలవులు ముగిసి వచ్చినది మొదలు వాడు మాఱిపోయెను. బల్లపై తల పెట్టి నిద్రించును, పిలిచినచో విసుగుకొనును, లెక్క సగములో విడిచిపెట్టును. తలనొప్పి యని రెండుమూడు మారులు చెప్పెను. పని తప్పించుకొనుటకు చెప్పుచున్నాడని మేము తలచి, వానిని బల్లమీద నిలువబెట్టితిమి. ఒకనాడు కాదు, మూడు వారములలో పలుమారులు. ఇంటివద్ద ఉదయము లేవగనే వాడు వాంతి చేసికొనుచుండెనట. దిష్టి తగిలినదని అవ్వ ఉప్పు మిరపకాయలు దిగదుడిచి, తాయెత్తు కట్టించెను. ఆమెకు నెలల తరబడి దగ్గు. బాలుడు ఆమె ప్రక్కనే పండుకొనెడివాడు.

ఒకనాడు క్రొత్తగా చేరిన ఉపాధ్యాయిని యొకరు, నల్లబల్లమీది లెక్కను వ్రాసికొనునప్పుడు వాడు ఒక కన్ను మూసికొనుచున్నాడని కనిపెట్టిరి. ఎందుకని ఆమె దగ్గఱకు పిలిచి అడిగిరి. రెండు కన్నులు తెఱచినచో అంకెలు రెండేసి కనబడుచున్నవని వాడు చెప్పెను. మేము వానిని మూడు వారములు చూచితిమి. ఆమె ఒక్క పూట చూచిరి. ఆ మధ్యాహ్నమే వానిని నెల్లూరికి తీసికొనిపోయిరి. స్కానులో నీటి గదులు ఉబ్బియుండెను. మెదడు అడుగున జిగురు మెఱసెను. వెన్నునుండి తీసిన నీరును ఆ మాటనే బలపఱచెను. ఉబ్బిన నీరు కడుపులోనికి దిగునట్లు తలనుండి సన్నని గొట్టము వేసి, క్షయ మందులు మొదలుపెట్టిరి. అవ్వ కళ్లెను పరీక్షింపగా ఆమెకును ఊపిరితిత్తుల క్షయ యని తేలెను. ఆమెకును మందులు ఉచితముగానే దొరకెను.

బాలుడు ఒక సంవత్సరము మందులు మ్రింగి, చదువులో ఒక యేడు వెనుకబడి, మరల మా తరగతికే వచ్చెను. లెక్కలు పోలేదు. ఎడమచేయి మాత్రము పూర్వమువలె సాగదు. చొక్కా గుండీలు పెట్టుకొనుటకు ఇప్పటికిని చాలసేపు పట్టును. ఆ మూడు వారములు ముందుగా కనిపెట్టియుండినచో ఆ చేయి నిలిచియుండునా యని మేము వైద్యుని అడిగితిమి. ఆయన నిశ్చయముగా చెప్పలేకపోయెను. ఈ వ్యాధిలో ప్రతి దినమునకును విలువ కలదని మాత్రము చెప్పెను. బిడ్డ స్పృహలో నుండగా మందు మొదలుపెట్టుటకును, స్పృహ తప్పిన తరువాత మొదలుపెట్టుటకును మధ్యనున్న భేదమే బ్రతుకునకును చావునకును, ఆరోగ్యమునకును అవిటితనమునకును మధ్యనున్న భేదము.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. రెండు వారములు దాటినను తగ్గని జ్వరము, తలనొప్పి, ఉదయపు వాంతులు, బరువు తగ్గుట, ఆటపాటలందు విముఖత, కారణములేని చిఱాకు, ఎక్కువ నిద్ర వీనిలో కొన్ని కూడి బిడ్డయందు కనబడినచో వైద్యునికి చూపుడు. మెల్లకన్ను, మూర్ఛ, స్పృహ తప్పుట కనబడినచో ఆనాడే ఆసుపత్రికి పొండు. ఇంటిలో ఎవరికైనను రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో పరీక్ష చేయించుడు. వారికి క్షయ యని తేలినచో ఇంటిలోని పిల్లలకును ముందుజాగ్రత్త మందు కలదు. పుట్టిన బిడ్డకు బి.సి.జి. టీకా తప్పక వేయింపుడు. అది పెద్దవారి క్షయను అంతగా ఆపకపోయినను, పసిపిల్లలను ఈ మెదడు పొరల క్షయనుండి చాలవఱకు కాపాడును.

రాంట్జెన్ మానవదేహములోని చీకటికి దీపము పెట్టెను. ఆయన తరువాతివారు ఆ దీపమును తలలోనికి కూడ తీసికొనిపోయిరి. ఆ యంత్రములు నేడు మన నెల్లూరిలోనే కలవు. కాని బిడ్డను ఆ దీపము క్రిందికి తీసికొనిపోవువారు లేనిచో అది వెలిగియు ప్రయోజనము లేదు. యుట్రెక్ట్ పాఠశాలలో ఒక బాలుని మౌనము వెనుకనున్నదానిని చూచినవారు లేరైరి. మా తరగతిలో ఒక బాలుని సోమరితనము వెనుకనున్నదానిని చూచినవారు ఒక్కరు మాత్రమే యుండిరి. అది మాకు సిగ్గు కలిగించినను, ఆ ఒక్కరే చాలిరి. ఆనాటినుండి తలనొప్పి యని చెప్పిన బిడ్డను మేము బల్లమీద నిలువబెట్టుట మానితిమి. దగ్గఱకు పిలిచి, వాని ముఖమును వెలుతురు వైపునకు త్రిప్పి, ఎన్నాళ్లనుండి యని అడుగుచున్నాము.